చముద్రం

నవ్వుల్లో ఒక రకం నవ్వు ఉంది. అది వినపడగానే నా చెవి తమ్మెలు వేడెక్కుతాయి. ఎవరు నవ్వారు, ఎందుకు నవ్వారు అన్నది ఆ తరువాత తెలుస్తుంది. మొన్న విజయనగరంలో ఉపాధ్యాయులకి పెట్టిన శిక్షణలో ఆ నవ్వు మళ్ళీ విన్నాను. పాఠం చెప్పడానికి వచ్చినాయన మంచి మాటకారి. విద్యార్థుల్లో ప్రేరణ పెంచడం ఎలా అని తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు వేశాడు. బాగా చదివిన పిల్లకి నక్షత్రం అంటించమన్నాడు, చప్పట్లు కొట్టించమన్నాడు. భోజనాలయ్యాక మా కళ్ళు మూతలు పడుతున్నాయని గమనించి, వెనకబడిన పిల్లవాడు ఎలా మాట్లాడతాడో చేసి చూపించాడు. నోరు వంకర పెట్టి, గొంతు సాగదీసి, "ఏటి సార్, నాకేటీ తెల్దు సార్" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నవ్విన వాళ్ళలో సగం మంది ఇంటికి వెళ్ళాక మాట్లాడేది ఆ యాసలోనే.

నేను లేచి నిలబడ్డాను. "ఆ పిల్లవాడు 'ఏటి' అని అడిగాడు కదా సార్, దానికి మీరు జవాబు చెప్పలేదు" అన్నాను. ఆయన నవ్వేసి, "ఏదో సరదాకి మేడం" అన్నాడు. పక్కనున్న టీచరు నా కొంగు పట్టి కూర్చోబెట్టింది. కూర్చున్నాను గాని ఆ తరువాత ఆయన చెప్పింది ఒక్క ముక్కా నా చెవికెక్కలేదు. తిరిగి వస్తూ బస్సులో అనుకున్నాను, సన్యాసమ్మ టీచరు గురించి రాయాలని. ఆవిడ మీకు తెలిసే అవకాశం లేదు. ఆవిడకి శాలువాలు కప్పలేదు, పేపర్లో ఫోటో పడలేదు. పైగా ఆవిడతో పనిచేసిన వాళ్ళని అడిగితే ముందుగా చెప్పేది ఆవిడ నోటి దురుసు గురించే. ఆ దురుసే లేకపోతే నేనీ రోజు ఎక్కడో ఇసకలో చేపలు ఎండబెడుతూ ఉండేదాన్ని. చేపలు ఎండబెట్టడం తక్కువ పని అని కాదు. నేను ఎంచుకుని చేయడం వేరు, బడి నన్ను తరిమేస్తే చేయడం వేరు.

మాది కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరు. నాన్న చేపల వేటకి వెళ్ళేవాడు. అమ్మ ఎండుచేపలు తట్టకెత్తుకుని శ్రీకాకుళం వెళ్ళి అమ్మేది. నా పేరు నూకాలు. హైస్కూలు మాకు ఎగువన, వరి పండించే రైతుల ఊళ్ళో ఉండేది. మా పేట పిల్లలం బడికి వెళ్తే అడగకుండానే వెనక బల్లలు మావి. మా బట్టల్లో వాసన వస్తుందని ముందు బల్లల వాళ్ళు ముక్కులు మూసుకునేవారు. అదంతా ఒక ఎత్తు, మా ఎనిమిదో తరగతి తెలుగు మాస్టారు ఒక ఎత్తు. ఆయన వేరే జిల్లా నుంచి వచ్చిన మనిషి. చెడ్డవాడని అనను. మా భాషని కడిగి శుభ్రం చేయడం తన బాధ్యత అనుకున్నాడు. రోజూ ఒకళ్ళని లేపేవాడు. నా వంతు ఎక్కువసార్లు వచ్చేది.

"చెప్పు అను" అనేవాడు. "సెప్పు" అనేదాన్ని. "చె" అనేవాడు. "సె" అనేదాన్ని. నా నాలుక అలాగే పడేది, ఏం చేయను. తరగతంతా పగలబడి నవ్వేది. వాళ్ళూ ఇళ్ళల్లో 'సెప్పు' అనే మనుషులే గాని, బడి గుమ్మం దాటగానే ఆ సంగతి మరిచిపోయేవారు. నేను మాత్రం బాగా ఆలోచించాను. ఇంటికి వెళ్ళి, వలలు ఆరేసిన చోట కూర్చుని ఆలోచించాను. నేను 'స' అన్న ప్రతిచోటా మాస్టారు 'చ' అనమంటున్నాడు. అయితే పద్ధతి చాలా తేలిక, నా నోటికి 'స' వచ్చినప్పుడల్లా 'చ' అనేస్తే సరిపోతుంది. మర్నాడు పాఠం చదవమనగానే లేచి, ధైర్యంగా, గొంతెత్తి, "చాయంత్రం చూర్యుడు చముద్రంలో..." అని మొదలుపెట్టాను.

ఆ రోజు నవ్వు మామూలు నవ్వు కాదు. మాస్టారు కూడా బల్ల మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. అప్పటినుంచి నా పేరు చముద్రం అయిపోయింది. బడిలో నేను మూగనోము పట్టాను. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేదాన్ని. మాట్లాడని పిల్లతో ఎవరికీ ఇబ్బంది లేదు కదా, నన్ను ఎవరూ పట్టించుకోలేదు. మెల్లిగా బడి ఎగ్గొట్టడం మొదలైంది. నూకాలుకి చదువు మీద ఆసక్తి లేదని మాస్టర్లు అనుకునేవారు. ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆసక్తి లేని పిల్ల ఇసకలో కూర్చుని భాషకి నియమం కనిపెడుతుందా?

తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ మాస్టారు బదిలీ మీద వెళ్ళిపోయి సన్యాసమ్మ టీచరు వచ్చింది. నల్లగా, పొడుగ్గా, వీధి చివరికి వినపడే గొంతుతో ఉండేది. పుట్టిల్లు నెల్లిమర్ల, వాళ్ళ నాన్న జనపనార మిల్లులో పనిచేసేవాడట. అత్తవారిది ఆమదాలవలస. రోజూ అక్కడినుంచి రెండు బస్సులు మారి వచ్చేది. బస్సు దిగి బడిలోకి వస్తూనే ఎవరితోనో తగువు పెట్టుకునేది. మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాక కుర్చీలో కునుకు తీసేది, అప్పుడు లేపితే కరిచినంత పని చేసేది. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఆవిడ్ని దేవతని చేసి మీ ముందు నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. ఆవిడకీ ఇష్టం ఉండదు.

మొదటి రోజు పాఠం చెప్పలేదు. పొద్దున్న లేచాక చూసినదేదో ఒక్క వాక్యం, ఒక్కొక్కరూ వచ్చి నల్లబల్ల మీద రాయమంది. నా వంతు వచ్చింది. రాశాను. 'చూర్యుడు చముద్రంలోంచి వచ్చాడు.' వెనక నుంచి నవ్వు మొదలైంది. ఎవరో "చముద్రం, చముద్రం" అని కూడా అన్నారు. ఆవిడ నవ్వలేదు, వాళ్ళని కసరనూ లేదు. చేతులు కట్టుకుని ఆ వాక్యాన్ని చాలాసేపు చూసింది. తరువాత నా వైపు తిరిగింది.

"ఎవులు నేర్పారే నీకిది?" అంది.

తెలుగు చెప్పే టీచరు నోట 'ఎవులు' అన్న మాట వినడం అదే మొదటిసారి. ఆశ్చర్యంలో నా నోరు దానంతటదే తెరుచుకుంది. "ఎవులూ నేర్పనేదు టీచర్. నేను 'స' అన్నకాడల్లా 'చ' అనమన్నారు. అందుకే మార్చీసేను" అన్నాను.

"వచ్చాడు అన్నది బాగానే రాసేవు కదా."

"అది 'వస్సాడు' అని ఎవులూ అనరు కదా టీచర్."

ఆవిడ తరగతి వైపు తిరిగింది. "నవ్వడం అయిపోయిందా? ఇప్పుడు ఇనుకోండి. దీని తల బాగానే పనిసేస్తన్నాది, నోరే బయపడతన్నాది. తల పనిసెయ్యనోడు ఇలాంటి తప్పు సెయ్యలేడు." మళ్ళీ నా వైపు తిరిగి, "మన నోటికి చా, సా ఒకటేనే. మా అమ్మా అలగే మాటాడతాది, నేనూ అలగే మాటాడతాను. అందుకని నోటినడిగితే నీకది సెప్పదు. కంటినడగాల. ఎక్కడ ఏ అక్షరం ఉన్నాదో కన్ను సూసి సూసి పట్టుకోవాల. దానికి బోల్డంత సదవాల. నీ దగ్గిర సదవడానికి ఏటున్నాది?" అంది.

ఏమీ లేదన్నాను. "మీ అమ్మ ఏటి సేస్తాది?" అంది. ఎండుచేపలు అమ్ముతుందన్నాను. "పొట్లాలు దేంట్లో కడతాది?" పాత పేపర్లలో అన్నాను. "మరింకేటి. కట్టేముందు సదివీసి ఇయ్యి" అంది. అంతే, వెళ్ళి కూర్చోమంది. ఓదార్చలేదు, తల నిమరలేదు. చేతికి పని అప్పగించింది.

ఆ సాయంత్రం నుంచి నేను పొట్లాల కాగితాలు చదవడం మొదలుపెట్టాను. అమ్మ నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్న చేపలు ఆరబెట్టి వేరు చేస్తుంటే నేను పక్కన కూర్చుని కాగితాలు ముక్కలు చించేదాన్ని, చించేముందు చదివేదాన్ని. అమ్మ చిరాకు పడేది. "కాయితం సింపడానికి ఇంతసేపేటే? అందులో మన పేరేవైనా రాసీరా?" అనేది. మర్నాడు బడికి వెళ్ళగానే సన్యాసమ్మ టీచరు అందరి ముందూ అడిగేది, "నూకాలూ, ఈ దినం పొట్లంలో ఏటున్నాది?" అని. మొదట్లో గొణిగేదాన్ని. ఎక్కడో బావిలో ఏనుగు పిల్ల పడిందని, ఎవరో వంతెన కడతామన్నారని చెప్పేదాన్ని. ఆవిడ వినేది. పూర్తయ్యేదాకా ఒక్క మాట అడ్డు రానిచ్చేది కాదు. మధ్యలో ఎవరైనా కిసుక్కుమంటే చాక్‌పీసు విసిరేది, గురి తప్పేది కాదు. అంతా విని ఒకే ఒక్క మాట అనేది. "అయితే?"

ఆ 'అయితే' గురించి చెప్పకపోతే ఈ రాతంతా దండగ. ఆవిడ ఎవరినీ శెబాషనేది కాదు. బాగుందనేది కాదు. భుజం తట్టేది కాదు. మనం చెప్పింది ఆవిడకి నచ్చితే, కళ్ళజోడు పైకి తోసుకుని, కాస్త ముందుకి వంగి, "అయితే?" అనేది. అంటే ఇంకా చెప్పు, వింటున్నాను అని. ఒక పెద్దమనిషి, అంత గొంతున్న మనిషి, నేను ఏం చెప్తానా అని నోరు మూసుకుని ఎదురుచూస్తోందంటే నాకు ఎలా ఉండేదో ఏ మాటల్లో చెప్పను. దాని కోసం ఎంతైనా చదివేదాన్ని. నేనే కాదు, వెనక బల్లల వాళ్ళందరం ఆ 'అయితే' కోసం పోటీ పడేవాళ్ళం.

ఒకసారి నా కాగితం సగంలో చిరిగి ఉంది. బావిలో పడ్డ ఏనుగు పిల్ల సంగతే. తాళ్ళు తెచ్చారు, ఊరంతా వచ్చింది, అక్కడితో ఆగిపోయింది. "అయితే?" అంది ఆవిడ. "సిరిగిపోనాది టీచర్" అన్నాను. "కాయితం సిరిగిపోతే నీ బుర్ర కూడా సిరిగిపోనాదేటి? నువ్వు సెప్పు, ఎలగ బైటికి తీస్తావో" అంది. ఆ రోజు తెలుగు పీరియడ్‌లో ఏనుగు పిల్లని బయటికి తీయడమే పాఠమైంది. రైతుల పిల్లలు గట్టు తవ్వి వాలు చేయాలన్నారు. మా పేట వాళ్ళు వల కట్టి లాగాలన్నారు. నీళ్ళు నింపితే తేలుతుందని ఇంకొకరు. గంట కొట్టినా మేము లేవలేదు. పక్క గది మాస్టారు వచ్చి గొడవేమిటని అడిగితే, "ఏనుగు ఇంకా రానేదు సార్, మీరెల్లండి" అని పంపేసింది.

ఆ పద్ధతి అందరికీ నచ్చిందని అబద్ధం చెప్పను. మా తరగతిలో ఎప్పుడూ మొదటి ర్యాంకు తెచ్చుకునే అమ్మాయికి అది నరకంలా ఉండేది. గైడులో ఉన్న జవాబు గడగడా అప్పజెప్పి ఆ పిల్ల మెచ్చుకోలు కోసం నిలబడితే, "అది పుస్తకం సెప్పింది. నువ్వేటంటావు?" అనేది టీచరు. ఆ పిల్ల ఏడ్చేసింది. వాళ్ళ నాన్న వచ్చి హెడ్మాస్టరు దగ్గర గొడవ చేశాడు. ఆయన ముందు కూడా టీచరు తగ్గలేదు. "మీ పాపకి నేను తక్కువేటీ సెయ్యనేదు. తనకంటూ ఒక మాట ఉన్నాది, అది నాకు కావాల" అంది. ఆ అమ్మాయి తరువాత్తరువాత మాట్లాడటం నేర్చుకుంది గాని, టీచరంటే ఆ పిల్లకి కోపం మాత్రం పోలేదు. ఇంకొంచెం మెత్తగా చెప్పి ఉండవలసిందని నాకూ అనిపిస్తుంది. ఆవిడకి మెత్తదనం చేతకాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా హెడ్మాస్టరు గారికి పదో తరగతి ఫలితాల బెంగ పట్టుకుంది. నూటికి నూరూ పాసవ్వాలని పైనుంచి ఒత్తిడి. పదిలో తప్పుతారనుకున్న వాళ్ళని తొమ్మిదిలోనే ఇంటికి పంపేస్తే బడి పేరు నిలబడుతుందని ఆయన ఆలోచన. తల్లిదండ్రుల్ని పిలిపించి, మీ పిల్లకి చదువు అబ్బడం లేదు, మాన్పించి ఏదైనా పనిలో పెట్టుకోండి, కావలిస్తే తరువాత ప్రైవేటుగా కట్టుకోవచ్చు అని చెప్పేవాడు. ఏ పత్రం మీదా ఉండదు, మాట మీదే జరిగిపోయేది. నేను మాట్లాడని పిల్లనని పాత మాస్టారు చెప్పిపోయినదే ఆయన తలలో ఉంది. మా అమ్మకి కబురు వచ్చింది.

అమ్మ ఆ సాయంత్రం నాతో పోట్లాడలేదు, తిట్టలేదు. దానికే నాకు భయం వేసింది. "పెద్దసారే వద్దంటన్నాడు. ఇంకెందుకే ఆళ్ళ కాళ్ళకడ్డం పడతావు? నాతో శ్రీకాకుళం వచ్చీ. తట్ట మొయ్యడానికి నాకూ మనిషి కావాల" అంది. నేను పొయ్యిలోకి చూస్తూ కూర్చున్నాను. బడి మానేస్తే పొద్దున్నే 'పొట్లంలో ఏటున్నాది' అని నన్ను అడిగేవాళ్ళు ఉండరు. నా ఏడుపంతా దాని గురించే. ఆ సంగతి అమ్మకి ఎలా చెప్పాలో తెలియలేదు.

మర్నాడు అమ్మ తట్ట వరండాలో దించి హెడ్మాస్టరు గది ముందు నిలబడింది. సన్యాసమ్మ టీచరు ఎక్కడినుంచో గాలిలా వచ్చింది. "పిల్లకి సదువు రాదని ఎలగ తెలిసింది సార్ మీకు?" అంది.

"మాట్లాడదు కదమ్మా. పాఠం చదవలేదు."

"మీ గదిలో మాటాడదు. ఇక్కడ నాకే మాట రాదు. మా తరగతికొచ్చి సూడండి."

హెడ్మాస్టరు విసుక్కుంటూనే వచ్చాడు. ఆయన వెనక అమ్మ వచ్చి, లోపలికి రాకుండా ద్వారబంధం పట్టుకుని నిలబడింది. ఆయన మేము ఇంకా మొదలుపెట్టని పాఠం తీయించి నన్ను చదవమన్నాడు. వరదలో ఉన్న ఏరు దాటి, అవతలి ఊరికి మందు పట్టుకెళ్ళిన మనిషి కథ అది. లేచాను. రెండో వాక్యంలోనే భయం నాలుకెక్కింది. 'సాహసం' అని ఉంటే 'చాహసం' అన్నాను.

నవ్వు వచ్చింది. మళ్ళీ అదే నవ్వు. కూర్చోవడానికి సగం వంగాను. టీచరు వైపు చూశాను, ఏదో ఒకటి అంటుందని. ఎప్పుడూ చాక్‌పీసు విసిరే మనిషి ఆ రోజు కదలలేదు. వెనక గోడకి ఆనుకుని నన్నే చూస్తోంది. ఆ క్షణంలో ఆవిడ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. నన్ను వీళ్ళకి అప్పజెప్పేసిందనుకున్నాను. ఆ కోపంతోనే మళ్ళీ నిటారుగా నిలబడ్డాను. చదవడం మొదలుపెట్టాను. నవ్వుతున్నారు, చదివాను. తప్పులు దొర్లాయి, చదివాను. ఎక్కడ 'చ', ఎక్కడ 'స' అని ఆలోచించడం మానేసి, ఆ మనిషి ఏరు దాటాడో లేదో తెలుసుకోవాలని చదివాను. సగం పేజీ అయ్యేసరికి నవ్వు దానంతటదే ఆగిపోయింది. చివరి వాక్యం చదివి పుస్తకం మూశాను.

"చాహసం అంటే ఏమిటమ్మా?" అన్నాడు హెడ్మాస్టరు. "'సంకల్పం' అని చదవలేకపోయావు, 'ప్రవాహం'లో వత్తు..."

"తప్పులు తరవాత సెప్పండి సార్" అన్నాను. "ముందు నాకేటర్థమయ్యిందో అడగండి."

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని నాకే నమ్మకం కలగలేదు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హెడ్మాస్టరు ముఖం ఎర్రబడింది. అప్పుడు వెనక గోడ దగ్గరనుంచి, ఎన్నడూ లేనంత మెల్లిగా, "అడగండి సార్" అంది సన్యాసమ్మ టీచరు.

ఆయన అడిగాడు. ఆ మాట ఆయన పక్షాన చెప్పాలి, అడగకుండా వెళ్ళిపోగల మనిషి, అడిగాడు.

"ఆడికి దైర్యం ఉన్నాదని పుస్తకంలో రాసీరు సార్" అన్నాను. "నాకలగ అనిపించనేదు. ఆడికి శానా బయం ఉన్నాది. ఒడ్డుకాడకెల్లి ఎనక్కొచ్చినాడు, మళ్ళీ ఎల్లినాడు. గాలి బాగోనప్పుడు మా నాన్న కూడా అలగే సేస్తాడు. తెప్ప దాకా ఎల్తాడు, ఎనక్కొస్తాడు. బయం లేనోడు ఏట్లో దిగితే అది సాహసం కాదు సార్. ఆడికి ఏరంటే ఏటో తెలీదు, అంతే."

హెడ్మాస్టరు ముందుకి కాస్త వంగాడు. "అయితే?" అన్నాడు.

ఆయనకి తెలియదు తను ఏమన్నాడో. నాకు తెలుసు, తరగతి మొత్తానికి తెలుసు. నేను ఇంకా చెప్పాను. బయటపడ్డాక ఆ మనిషి ఎవరికీ ఏమీ చెప్పకుండా పడుకున్నాడని రాశారు కదా, మా నాన్న కూడా అలాంటి రోజు ఇంటికొచ్చి మాట్లాడడని, అన్నం కూడా అడగడని చెప్పాను. గంట కొట్టేదాకా చెప్తూనే ఉన్నాను. చివరికి గుమ్మంలోంచి అమ్మే అందుకుంది. "ఇంటికాడ దీని నోటికి అడ్డూ ఆపూ ఉండదు బాబూ. బడిలో మాటాడదంటే ఏటో అనుకున్నాను. మాటాడతాది కదా. నేను మానిపించను" అంది. తట్టెత్తుకుని వెళ్ళిపోయింది.

"రేపు తప్పితే నాకు సంబంధం లేదు" అని హెడ్మాస్టరు టీచరుతో అంటుంటే విన్నాను. "నా నెత్తిమీదెయ్యండి సార్, గట్టి నెత్తే" అందావిడ. ఆ ఏడు అందరినీ ఆవిడ నిలబెట్టలేకపోయింది. మా పేట పిల్లలు ఇద్దరు ఆవిడ సెలవులో ఉండగా మానేశారు. తిరిగి వచ్చి ఆ సంగతి తెలిసి, వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాళ్ళ తల్లులతో పోట్లాడి, ఫలితం లేక ఒడ్డున ఒక్కతీ చాలాసేపు కూర్చుంది. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే. నేను పది పాసయ్యాను. తరువాతి చదువులూ గడిచాయి. తెలుగు టీచరునయ్యాను. అంతకంటే చెప్పుకోదగ్గ గొప్పలు నా దగ్గర లేవు.

ఎందుకు ఆ రోజు నవ్వుతున్న వాళ్ళని ఆపలేదని చాలా ఏళ్ళ తరువాత అడిగాను. "నేను ఆపితే నేనున్నంతసేపే ఆగుతాది. నువ్వు సదివీసి ఆపేవు. ఇంకెవులు నవ్వినా నువ్వాపుకోగలవు" అంది. అడిగిన దానికి అంతకు మించి చెప్పలేదు, బస్సు వస్తోందని వెళ్ళిపోయింది.

కిందటేడు ఆవిడకి పక్షవాతం వచ్చిందని తెలిసి ఆమదాలవలస వెళ్ళాను. కుడి చెయ్యి పడిపోయింది. వీధి చివరికి వినపడే ఆ గొంతు పోయింది, మాట ముద్దగా, ఒక్కో అక్షరం ఊడిపడినట్టు వస్తోంది. కోడలు మంచి పిల్ల, ఎంతో ఓపికగా చూసుకుంటోంది. మాట తిరిగి రావడానికి డాక్టరు బొమ్మల అట్టలు ఇచ్చారట, రోజూ చూపించి పలికించమన్నారట. నేను కూర్చుని ఉండగానే ఆ పిల్ల ఒక అట్ట ఎత్తి పట్టుకుంది. ఆకాశంలో చంద్రుడి బొమ్మ.

టీచరు చాలాసేపు పెదవులు కదిపింది. "సం...ద..." అంది.

"చం అనాలత్తయ్యా. చందమామ. డాక్టరు గారు సరిగ్గా పలికించమన్నారు" అంది కోడలు. ఆ పిల్లది మన వైపు కాదు.

ఆవిడ నోరు మూసుకుంది. ముఖం పక్కకి తిప్పుకుంది. ఆ ముఖం నాకు తెలుసు. అలా ముఖం తిప్పుకుని నేనొక ఏడాది పైగా బడిలో బతికాను.

"ఆగమ్మా. సరిచెయ్యకు. ముందు ఆవిడ చెప్పాలనుకున్నది చెప్పనియ్యి" అన్నాను. కోడలు కొంచెం నొచ్చుకుంది గాని ఆగింది. ఇద్దరం కూర్చున్నాం. వీధిలో పాల బండి వచ్చి వెళ్ళింది. టీచరు కళ్ళు నా మీదికి, తరువాత అట్ట మీదికి వచ్చాయి.

"సంద...మావ" అంది. ఊపిరి తీసుకుంది. "సగమే... ఉన్నాది."

చూస్తే నిజమే. బొమ్మలో ఉన్నది నెలవంక. అన్నాళ్ళూ ఆ పేరు ఎలా పలకాలో చెప్పించడమే జరిగింది, ఆవిడకి ఆ బొమ్మ గురించి చెప్పడానికి ఒక మాట ఉందని ఎవరికీ తోచలేదు. కోడలు అట్ట తిప్పి తానూ చూసుకుంది. "అవునత్తయ్యా, సగమే ఉంది" అంది. టీచరు ముఖంలో నవ్వు ఒక పక్కే వచ్చింది, మిగతా సగం కదలలేదు.

ఆవిడ నుంచి నేను తెచ్చుకున్నది మొండితనం. నా తరగతిలో పిల్ల మాట పూర్తయ్యేదాకా ఎవరూ అడ్డు రాకూడదు, అధికారులైనా సరే. వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు దాని మీద నాకు చీవాట్లు పెట్టారు, పెట్టనియ్యండి. ఈ పిల్లలకి చదువు మీద ఆసక్తి లేదని ఎవరైనా నాతో అంటే నేను వాదించను. వాళ్ళ మాట ఆఖరుసారి ఎవరు ఆగి విన్నారో కనుక్కుని రండి, అప్పుడు మాట్లాడుకుందాం అంటాను. ఇంతవరకూ కనుక్కుని వచ్చినవాళ్ళు లేరు.